ఆలన్ ఫ్రీడు చరిత్రము

పాటలు పాడినవారి చరిత్రములు, పాటలు కట్టినవారి చరిత్రములు లోకమునఁ బెక్కులు గలవు. తాను పాడక, తాను వాయింపక, పరులు పాడిన పాటలను పదిమందికి వినిపించి, అందువలననే పేరుగాంచి, అందువలననే చెడినవాని చరిత్రము మాత్ర మరుదు. అట్టి చరిత్ర మొకటి మా చదువరులకుఁ జెప్పఁదలఁచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇందలి నాయకుఁడు దోషరహితుఁడు కాఁడు. అతని గుణములను జెప్పుచు దోషములను దాఁచిన యెడల చరిత్రము సగమే యగును. దోషములనే చెప్పి గుణములను విడిచిన యెడల నదియు సగమే. కావున రెంటిని జెప్పెదము.

ముందుగా నీతని వృత్తిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని రేడియో కేంద్రములు చాలవఱకుఁ బ్రభుత్వమువారివి కావు; వ్యాపారస్థులవి. సబ్బులు, మందులు, మోటారు బండ్లు మొదలగువాని ప్రకటనలవలన వచ్చు ద్రవ్యముతోనే యవి నడచుచుండును. గ్రామఫోను రికార్డులను వరుసగా వేయుచు, ఒక పాటకును మఱియొక పాటకును నడుమ శ్రోతలతో ముచ్చటలాడుచు, ప్రకటనలను జదువుచుఁ గార్యక్రమమును నడపు నుద్యోగిని అచ్చట డిస్క్ జాకీ యందురు. చూచుటకు సుళువైన పనివలెఁ గనఁబడును. కాని యే రికార్డును వేయవలెనో, దేనిని ప్రక్కకు నెట్టవలెనో నిర్ణయించు నధికార మా కాలమున నతని చేతిలోనే యుండెడిది. అతఁడు వేసిన పాట యంగళ్లలో వేలకొలఁది యమ్ముడుపోవును; వేయని పాట పెట్టెలలో మూలుగును. ఈ యొక్క విషయమును జదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ఫ్రీడుయొక్క యభ్యుదయమునకును బతనమునకును మూల మిదియే.

ఆలన్ ఫ్రీడు 1921వ సంవత్సరము డిసెంబరు 15వ తేదీని పెన్సిల్వేనియా రాష్ట్రములోని విండ్బరు అను బొగ్గుగనుల యూర జన్మించెను. బెర్విండు అను గనుల యజమానుల పేరును వెనుక ముందు చేసి యా యూరికిఁ బేరు పెట్టిరి. శిశువునకుఁ దలిదండ్రులు పెట్టిన పేరు ఆల్బర్టు జేమ్సు ఫ్రీడు. తండ్రి లిథువేనియా దేశమునుండి వచ్చిన యూదుఁడు. తల్లి వేల్సు దేశీయుల వంశమునఁ బుట్టినది. 1933లో నీ కుటుంబము ఒహాయో రాష్ట్రమునందలి సేలమునకుఁ దరలెను. (ఇది మన దక్షిణదేశపు సేలము కాదని వేఱుగఁ జెప్పనక్కఱలేదు.) ఆ యూరి హైస్కూలులోఁ జదువుచుండఁగా నితఁడు తోడివారితోఁ గలసి యొక వాద్యబృందమును గూర్చి, ట్రాంబోను అను నిత్తడి బాకాను వాయించుచుండెను. అట్టి బృందమునకు నాయకుఁడై దేశమంతటఁ దిరుగవలెననుట యతని బాల్యకాలపు కోరిక. చెవిలోఁ బుట్టిన వ్యాధివలన నా కోరిక నెఱవేఱలేదు. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునఁ జదువుకొనుచున్న దినములలో నతని దృష్టి రేడియోవంకకు మరలెను.

1942లో న్యూకాజిలు అను చిన్న యూరిలోని కేంద్రమునఁ గొలువు దొరకెను. మఱుసటి యేఁడు యంగ్స్‌టౌను నగరమునకుఁ బోయి యాటల వార్తలు చెప్పెను. 1945లో రబ్బరు చక్రముల పరిశ్రమకుఁ బేరుపడిన ఆక్రను నగరమునఁ జేరి, జాజ్ పాటల రికార్డులు వేయుచు నా యూరి యువకుల మెప్పు వడసెను. అచ్చటి యజమానులతోఁ జెడి 1950లో వెలికి రాఁగా, ఒడంబడికలోని యొక నిబంధనవలన నొక సంవత్సరముపాటు చుట్టుప్రక్కల మఱియే రేడియోలోను మాటలాడ వీలులేకపోయెను. క్లీవ్లాండునఁ గొంతకాలము టెలివిజనులోఁ బని చేసెను గాని యందుఁ బేరు రాలేదు. ముప్పదేండ్లకు సమీపించినను జెప్పుకొనఁదగిన దేదియు సాధింపలేదు. ఆ దశలో నతనికిఁ దారసిల్లినవాఁ డొక దుకాణదారుఁడు.

క్లీవ్లాండు నగరమున లియో మింట్జు అను వర్తకునకు రికార్డు రాండెవూ అను నంగడి యొకటి యుండెను. అది నల్లవారి నివాసములకు సమీపముననే యున్నందున వారు పాడిన రికార్డులు కూడ నచ్చట విరివిగా నమ్ముడుపోవుచుండెను. అమెరికాలో నా కాలమున సంగీతమునకును వర్ణభేదము తప్పలేదు. నల్లవారి పాటల పట్టికను వ్యాపారపత్రికలు జాతి రికార్డులను పేరున వేఱుగఁ బ్రకటించుచుండెడివి. 1949లో బిల్‌బోర్డు పత్రిక యా పేరును మాన్పి రిథమ్ అండ్ బ్లూస్ అను పేరు పెట్టెను. పేరు మాఱినదే కాని గోడ కూలలేదు. తెల్లవారి రేడియో కేంద్రములలో నా పాటలు వినఁబడుట యరుదు. ఇట్లుండఁగా మింట్జు తన యంగడిలోఁ గూర్చుండి యొక వింతను గనిపెట్టెను. తెల్లవారి పిల్లలు వచ్చి నల్లవారి రికార్డులను వెదకి వెదకి కొనుచు, వాని తాళమునకు నచ్చటనే యడుగులు వేయుచుండిరి. వర్తకుని కన్ను గనుక నందలి లాభము నాతఁడు వెంటనే గ్రహించెను. ఆ పాటలతోనే రాత్రివేళ నొక కార్యక్రమమును నడపవలసినదనియు, అందులకగు వ్యయమును బ్రకటనల రూపమునఁ దాను భరింతుననియుఁ జెప్పి ఫ్రీడును బలవంతపెట్టెను. ఫ్రీడు మొదట సందేహించెను. వినువారుందురో లేదో యని యతని భయము. అంగడికిఁ బోయి యా పిల్లలను గన్నులారఁ జూచిన పిదపఁ గాని యతఁడు సమ్మతింపలేదు.

1951వ సంవత్సరము జూలై 11వ తేదీ రాత్రి డబ్ల్యూ.జే.డబ్ల్యూ. అను కేంద్రమునుండి యా కార్యక్రమ మారంభమయ్యెను. న్యూయార్కు వీథులలో వాద్యములు వాయించుకొని బ్రదుకు నొక యంధుఁడు మూన్‌డాగ్ అను పేరున వెలువరించిన రికార్డును ఫ్రీడు ప్రారంభగీతముగా గ్రహించి, అందలి కుక్క యఱపులకుఁ దానును గొంతు గలిపి, తన పేరే మూన్‌డాగ్ అన్నట్లు చెప్పుకొనసాగెను. రేడియోలో మాటలాడువారందఱు మెల్లగా, మర్యాదగా, ఒక్కొక్క మాటయుఁ దూఁచి పలుకు కాలమది. ఫ్రీడు అట్లు గాక బిగ్గఱగాఁ గేకలు వేయుచు, బల్లపై నున్న టెలిఫోను డైరెక్టరీమీఁద నఱచేతితో దరువు వేయుచు, పాట నడచుచుండఁగనే మెచ్చుకోలు మాటలతో గాయకుని బురికొల్పుచుండెను. అతని గొంతు గరుకైనది. వినువారిలోఁ జాలమంది యతనిని నల్లవాఁడనియే తలఁచిరఁట. మధ్యమ తరంగములు రాత్రివేళ నాకాశపు పై పొరలకుఁ దగిలి మరలి దూరప్రాంతములకుఁ బోవునని మనము విజ్ఞానశాస్త్ర పాఠములలోఁ జదివియున్నాము. అందుచే నా కేకలును ఆ పాటలును పొరుగు రాష్ట్రములలోఁ గూడ వినఁబడుచుండెను. పగలంతయుఁ దల్లిదండ్రులు కూడములోని రేడియోను వినఁగా, రాత్రి పిల్లలు తమ గదులలోఁ దలుపు మూసికొని ఫ్రీడును వినుచుండిరి.

తన శ్రోత లెందఱో ఫ్రీడునకుఁ దెలిసినది 1952 మార్చి 21వ తేదీ రాత్రి. మూన్‌డాగ్ పట్టాభిషేక నృత్యోత్సవమను పేరున నతఁడును మింట్జును మఱికొందఱును గలసి క్లీవ్లాండు అరీనా యను క్రీడామందిరమున నొక సభ నేర్పఱచిరి. అచ్చటఁ బదివేలమందికి మాత్రము చోటుండెను. టిక్కెట్లు మితిమీఱి యచ్చుపడుటవలనను, దొంగ టిక్కెట్లు వెలువడుటవలనను ఇరువదివేలకుఁ దక్కువ గాని జనము వచ్చి పడినదని యంచనా. వెలుపల నిలిచిపోయినవారు తలుపులు విఱుగఁద్రోసికొని లోనికిఁ జొఱఁబడిరి. పాల్ విలియమ్సు అను వాద్యకారుని బృందము మొదటి పాట ముగించునంతలో రక్షకభటులు వచ్చి దీపములు వెలిఁగించి సభను ఆపివేసిరి. మఱునాఁటి రాత్రి ఫ్రీడు రేడియోలో శ్రోతలను క్షమాపణ వేఁడుకొనవలసివచ్చెను. రాక్ అండ్ రోల్ అనఁబడు సంగీతమునకుఁ బ్రపంచమున జరిగిన మొదటి పెద్ద సభ యిదియే యని తరువాతివారు నిర్ణయించిరి. ఒక్క పాటతో ముగిసిపోయిన సభ చరిత్రకెక్కుట వింతయే.

1953 ఏప్రిలులో నతని మోటారు బండి చెట్టును గొట్టుకొని లోపలి యవయవములకుఁ జాల దెబ్బ తగిలెను. ముఖమునకు శస్త్రచికిత్స చేయవలసివచ్చెను. నడువలేని దినములలోఁ బడకనుండియే కార్యక్రమమును నడిపెను. ఆ దెబ్బలనుండి యతని యారోగ్యము పూర్తిగాఁ గోలుకొన లేదు. పైగా మద్యపాన మతనికి మొదటినుండియుఁ గల యలవాటు.

1954 సెప్టెంబరున నతఁడు న్యూయార్కు నగరములోని డబ్ల్యూ.ఐ.ఎన్.ఎస్. కేంద్రమునఁ జేరెను. అచ్చటఁ జేరిన రెండు మాసములకే యొక వ్యాజ్య మెదురయ్యెను. మూన్‌డాగ్ అను పేరు తనదనియు, దానిని ఫ్రీడు తన యనుమతి లేక వాడుకొనుచున్నాఁడనియు నా వీథి వాద్యకారుఁడు న్యాయస్థానమున మొఱపెట్టుకొనెను. అతని యసలు పేరు లూయీ హార్డిను. పదునాఱవ యేఁట నొక ప్రేలుడువలనఁ గన్నులు పోఁగొట్టుకొన్నవాఁడు. న్యాయాధిపతి యా యంధుని పక్షముననే తీర్పు చెప్పి, 5,700 డాలర్ల పరిహార మిప్పించెను. ఫ్రీడు పేరు విడిచెను. మూఁడేండ్లుగాఁ దన కీర్తికి మెట్టైన పేరు మఱియొక పేదవానిదని యతనికి మునుపు తోఁచకపోయెనా యని మేమడుగఁగోరుదుము. పరుల సొత్తు నెఱిఁగియు నెఱుఁగనట్లు వాడుకొను నీ గుణము మఱొకమాఱు కూడ నతని చరిత్రమునఁ గనఁబడును.

పాత పేరు పోఁగాఁ గార్యక్రమమునకు రాక్ అండ్ రోల్ పార్టీ యని పేరు పెట్టెను. ఊఁగుట, దొరలుట యని యా మాటల కర్థము. ఇవి ఫ్రీడు కల్పించినవి కావు. 1922లోనే యొక నల్లజాతి గాయని రికార్డులో నీ మాటలు రెండును గలవు. నల్లవారి నుడికారమున నంతకుఁ బూర్వమే యున్నవి. కాని యొక సంగీతపద్ధతి కంతటికి నా పేరును లోకమున నాటినవాఁ డితఁడే యనుటలో సందేహము లేదు. ఆ పేరును గూడఁ దన సొత్తుగా నమోదు చేయించుకొనఁజూచెను గాని, మాట యప్పటికే యందఱి నోళ్లఁ బడిపోయి యా ప్రయత్నము సాగలేదు.

ఇప్పు డతని గుణములలో నుత్తమమైనదానిని జెప్పెదము. నల్లవారి పాట యేదైన నొకటి ప్రజలకు నచ్చునని తోఁచఁగానే పెద్ద కంపెనీలవారు దానిని దెల్ల గాయకునిచేతఁ బాడించి వేఱొక రికార్డు వెలువరించుట యా కాలపు వాడుక. తెల్లవారి కేంద్రములు రెండవదానినే వేయును. ధనము రెండవవానికే చేరును. మొదట పాడినవాని పేరు కూడఁ బలువురకుఁ దెలియదు. ఫాట్స్ డామినో, లిటిల్ రిచర్డు పాడిన పాటలను బాట్ బూను మరలఁ బాడి ధనికుఁడైన విధ మిదియే. ఫ్రీడు ఈ నకలు రికార్డులను వేయుటకు నిరాకరించెను. మొదట పాడినవాని గొంతునే వినిపింతునని పట్టుపట్టెను. ఎందఱో నల్లజాతి గాయకులకు దేశమంతటఁ బేరు వచ్చుట కిది ముఖ్యకారణము. మఱియు నతని సభలలోఁ దెల్లవారికొక వరుస, నల్లవారికొక వరుస యని లేదు. 1955 జనవరిలో న్యూయార్కున సెయింటు నికొలాసు అరీనాలో జరిగిన సభయందును, ఆ పిదప బ్రూక్లిను పారమౌంటు నాటకశాలలో నేఁటేఁట జరిగిన సభలయందును రెండు జాతుల పిల్లలును బ్రక్కప్రక్కనఁ గూర్చుండిరి. ప్రక్కప్రక్కన నృత్యము చేసిరి. పాఠశాలలలో వర్ణభేదము చెల్లదని యమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది 1954లో. దక్షిణ రాష్ట్రములలో నా తీర్పింకను గాగితముమీఁదనే యుండెను. అట్టి కాలమునఁ బాట పేరున పిల్ల లొక్కచోఁ జేరుట చాలమంది పెద్దలకుఁ గంటగింపయ్యెను. 1957 ఫిబ్రవరిలో టైమ్సు స్క్వేరునందలి పారమౌంటు నాటకశాల యెదుటఁ దెల్లవాఱకమునుపే పిల్లలు బారులు తీఱి నిలువఁగా, వారిని నిలువరించుటకు రక్షకభటులను బెద్దసంఖ్యలోఁ బంపవలసివచ్చెను.

ఆ సంగీతమువలనఁ బిల్లలు చెడిపోవుదురని పత్రికలలో వ్రాసినవారు, సభలలో మాటలాడినవారు లెక్కకు మిక్కిలి. ఇట్టి వాదము మన దేశమునకుఁ గొత్తది కాదు. 1952లో ఆకాశవాణివారు సినిమా పాటలను దగ్గింపఁగా మన శ్రోతలు రేడియో ముల్లును సిలోనువైపు త్రిప్పుకొనుటయు, 1957 అక్టోబరులో వివిధభారతి వెలయుటయు మా పెద్దల కెఱుకయే. అమెరికాలో నీ వాదమునకుఁ దోడు వర్ణద్వేషము గూడఁ జేరెను. ఫ్రీడు వెనుకంజ వేయలేదు. 1956లో వెలువడిన రాక్ అరౌండ్ ది క్లాక్ అను చిత్రమున నతఁడు తన పాత్రను దానే ధరించెను. ఆ చిత్రము ఇంగ్లండు మొదలగు దేశములఁ బ్రదర్శింపఁబడినపుడు యువకులు కుర్చీలు విడిచి నడవలలో నృత్యములు చేసిరి. అట్టివి మఱి నాలుగు చిత్రములు 1959లోపల వచ్చినవి. కథలు సామాన్యములు. పాటలకొఱకే జనులు చూచిరి.

మేము పైన సూచించిన దోష మీ కాలమునఁ బొడసూపెను. చక్ బెరీ యను నల్లజాతి గాయకుఁడు 1955లో మేబెలీన్ అను పాటను వ్రాసి పాడెను. రికార్డు వెలువడినపుడు రచయితల పేళ్లు మూఁడు గనఁబడెను. బెరీతోఁ బాటు ఫ్రీడు పేరును, రస్ ఫ్రాటో యను మఱియొకని పేరును! ఫ్రీడు ఆ పాటలో నొక్క మాటయు వ్రాసినవాఁడు కాఁడు. రచయిత యని పేరుండినచో నమ్మిన ప్రతి రికార్డునకును వాటా వచ్చును. వాటా వచ్చునేని డిస్క్ జాకీ యా పాటను బదేపదే వేయును. కంపెనీవారి యెత్తుగడ యిది. బెరీకి సంపూర్ణముగాఁ దన పాట తనకుఁ జేరినది 1986లో. మూన్‌గ్లోస్ అను బృందమువారి పాటకును ఫ్రీడు పేరు జతపడెను. ఆ బృందమునకుఁ బేరు పెట్టి పైకిఁ దెచ్చినవాఁ డతఁడే యనునది నిజము. అందుచేత వారి పాట యతనిదగునా? నకలు గాయకులు నల్లవారి ధనమును దోఁచుకొనుచున్నారని యెలుఁగెత్తిన నోటితోనే యతఁడీ వాటాలను గుడిచెనని వ్రాయుటకు మాకుఁ గష్టముగనే యున్నది.

1957 జూలై 12వ తేదీ శుక్రవారమునాఁడు ఏ.బీ.సీ. టెలివిజను సంస్థవారు ది బిగ్ బీట్ అను పేరున నతనిచే సంగీత కార్యక్రమమును బ్రారంభింపఁజేసిరి. దేశమంతటఁ గనఁబడు టెలివిజనులో రాక్ అండ్ రోల్ సంగీతమునకు వారమువారము చోటు దొరకుట యపూర్వము. గాయకులు పాడుచుండఁగా యువతీయువకులు ముందునఁ జేరి నృత్యము చేయుచుందురు. కార్యక్రమము ప్రజలకు నచ్చెను. కాని యొకనాఁడు ఫ్రాంకీ లైమను అను నల్లజాతి బాలగాయకుఁడు పాట ముగిసిన పిదప నొక తెల్లబాలికతోఁ గలసి నృత్యము చేయుట తెఱపైఁ గనఁబడెను. అతనికప్పటికిఁ బదునైదేండ్లు నిండలేదు. దక్షిణ రాష్ట్రములలోని కేంద్రముల యజమానులు మండిపడిరి. కొలఁది వారములలోనే కార్యక్రమము మూఁతపడెను. ఆ యాగస్టు 5వ తేదీని నదే సంస్థవారు ఫిలడెల్ఫియానుండి డిక్ క్లార్కు నడపు అమెరికన్ బ్యాండ్‌స్టాండ్ అను కార్యక్రమమును దేశమంతటఁ జూపసాగిరి. క్లార్కు శాంతస్వభావుఁడు, జాగ్రత్తపరుఁడు, చక్కని వేషభాషలు గలవాఁడు. అతని కార్యక్రమము దశాబ్దములపాటు నడిచెను. ఫ్రీడు న్యూయార్కు నగరమునకు మాత్రము పరిమితమైన టెలివిజను నృత్యకార్యక్రమముతోఁ దృప్తిపడవలసివచ్చెను.

మఱుసటి సంవత్సరము మే 3వ తేదీని బోస్టను నగరమున నతని సభ జరిగెను. జెరీ లీ లూయిసు, చక్ బెరీ, బడీ హాలీ మొదలగువారు పాడిరి. పిల్లలు కుర్చీలు విడిచి నృత్యమున కారంభింపఁగా రక్షకభటులు మందిరములోని దీపములన్నియు వెలిఁగించిరి. ఫ్రీడు వేదికపైనుండి పోలీసులను దప్పుపట్టుచు మాటలాడెను. సభ ముగిసిన పిదప వెలుపలఁ గొట్లాటలు జరిగెను. ఆ కొట్లాటలకును సభకును గల సంబంధ మెంత యనునది వివాదాంశమే. అయినను నగరపు మేయరు అట్టి సభలను నిషేధించెను. ఫ్రీడుమీఁద అల్లరికిఁ బురికొల్పినాఁడను నేరము మోపిరి. ఆ నేరము తుదకు నిలువలేదు. కాని న్యాయవాదుల ఖర్చుల కతఁడు చాల ధనము వ్రయపఱచెను. రేడియో యజమానులు తన పక్షమున నిలువలేదని కినిసి డబ్ల్యూ.ఐ.ఎన్.ఎస్. కేంద్రమును విడిచి డబ్ల్యూ.ఏ.బీ.సీ. కేంద్రమునఁ జేరెను.

అటుపిమ్మట వచ్చినది పేయోలా వ్యవహారము. రికార్డు కంపెనీలవారు తమ పాటలు వేయుటకై డిస్క్ జాకీల కిచ్చు ముడుపున కా పేరు. చెల్లింపు అను నర్థము గల యాంగ్లపదమునకు విక్ట్రోలా యను గ్రామఫోను పేరును జోడించి యీ మాటను గల్పించిరి. ఈ యాచారము ఫ్రీడుతోఁ బుట్టలేదు. గ్రామఫోనులకుఁ బూర్వమే నాటకశాలలలోఁ బాట పాడించుటకు ముడుపులిచ్చుట యచ్చట నున్నదే. 1959లో టెలివిజను ప్రశ్నోత్తరపు పోటీలలోఁ గొందఱకు ముందుగనే జవాబులు చెప్పి గెలిపించుచుండిరని బయటపడి ప్రజలు రోసిరి. ఆ విచారణ జరిపిన కాంగ్రెసు ఉపసంఘము, ఓరెను హారిసు అధ్యక్షతను, తరువాత డిస్క్ జాకీలవంకకుఁ దిరిగెను. యజమానులు భయపడిరి. తా మెన్నఁడును ముడుపు గొనలేదని వ్రాసియిమ్మని డబ్ల్యూ.ఏ.బీ.సీ.వారు తమ యుద్యోగుల నడిగిరి. ఇట్టి పత్రముపై సంతకము చేయుట తన నియమమునకు విరుద్ధమని ఫ్రీడు నిరాకరించెను. 1959 నవంబరులో నతనిని దొలఁగించిరి. అదే మాసమున టెలివిజను కార్యక్రమమును బోయెను. చివరినాఁడు పిల్లలు కన్నీరు పెట్టుకొనిరి.

అతఁడు ద్రవ్యము గొనలేదా యనఁగాఁ గొనెను. కంపెనీలకు సలహాలు చెప్పినందులకు వేతనము గొంటినని యతని సమాధానము. తనకు నచ్చని పాటను ధనమునకై వేయలేదని యతని వాదము. ఆ వాదము పూర్తిగా నసత్యమని మేము తలఁపము. పూర్తిగా సత్యమనియుఁ దలఁపము. మేబెలీన్ సంగతి మాకు జ్ఞాపకమున్నది. అయితే యా నేరము చేసిన వందలమందిలో నింత కఠినముగా దండన పొందినవాఁ డితఁడొక్కఁడే. క్లార్కునకుఁ బాటల వ్యాపారములలోఁ బెక్కు వాటాలుండెను. యజమానులు చెప్పినంతనే యతఁడు వానిని వదలుకొని, 1960 ఏప్రిలులో నుపసంఘము నెదుట వినయముగా జవాబులు చెప్పి నిష్కళంకుఁడై యింటికిఁ బోయెను. ఫ్రీడు పొగరుఁబోతు, శత్రువులను జేర్చుకొన్నవాఁడు, నల్లవారి పాటలను దెల్లవారి యిండ్లకుఁ జేర్చినవాఁడు. ఈ మూఁడవ కారణమునకుఁ గూడ నతని దండనలో భాగము గలదని మా యభిప్రాయము. రేడియోలో ముడుపు గొనుట నేరమని స్పష్టముగాఁ జెప్పు కేంద్ర శాసనము 1960 సెప్టెంబరులోఁ గాని పుట్టలేదు. అయినను న్యూయార్కు రాష్ట్రపు లంచముల చట్టముక్రింద నా సంవత్సరము మే 19వ తేదీననే ఫ్రీడును మఱికొందఱతోఁ గూడ నరెస్టు చేసిరి. 1962 డిసెంబరులో రెండు నేరములను నంగీకరింపఁగా 300 డాలర్ల జరిమానా విధించి, చెఱసాల శిక్షను నిలిపివేసిరి. జరిమానా స్వల్పమే. పోయినది జీవనోపాధి.

ఈ నడుమ నతఁడు లాసేంజిలీసు ప్రాంతమున నొక కేంద్రమునఁ గొంతకాలము, ఫ్లోరిడాలోని మయామీ నగరమునఁ గొలఁది వారములు పని చేసెను. ఎచ్చటను నిలువలేదు. మూఁడుమాఱులు వివాహమాడిన యతనికి నలుగురు సంతానము. వారి పోషణభారము, అప్పులు, వ్యాజ్యముల ఖర్చులు మీఁదఁబడెను. త్రాగుడు హెచ్చెను. 1964లో, 1957 మొదలు 1959 వఱకుఁ గల యాదాయమునకుఁ జెల్లింపని పన్ను 37,920 డాలర్లని ప్రభుత్వమువారు క్రొత్త యభియోగమును దెచ్చిరి. దాని విచారణ జరుగకమునుపే 1965 జనవరి 20వ తేదీని కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్సున మూత్రపిండముల వైఫల్యముచేతను, కాలేయవ్యాధిచేతను మరణించెను. అప్పటికతని వయస్సు నలువదిమూఁడేండ్లు.

మరణానంతరము లోక మతనిని దలఁచుకొనెను. 1978లో నతని కథను జలనచిత్రముగాఁ దీసిరి. రాక్ అండ్ రోల్ కీర్తిమందిరమువారు 1986లో మొదటిమాఱు పేళ్లు ప్రకటించినపుడు పాడక, వాయింపక యా సంగీతమును బెంచినవారి వరుసలో ఫ్రీడు పేరు నుంచిరి. ఆ యేఁటి జాబితాలో గాయకుల వరుసలోఁ జక్ బెరీ పేరును గలదు. కీర్తిమందిరపు భవనమును గట్టుటకు నగరములు పోటీపడఁగాఁ గ్లీవ్లాండు తన హక్కునకుఁ దార్కాణముగాఁ జూపినవానిలో ఫ్రీడు పేరును 1952 నాఁటి సభయు ముఖ్యములు. భవనము 1995 సెప్టెంబరులో నచ్చటనే తెఱవఁబడెను. న్యూయార్కు సమీపమున నొక శ్మశానవాటికలో నున్న యతని చితాభస్మమును 2002లో నా భవనమునకుఁ దెచ్చి ప్రదర్శనశాలలో నుంచిరి. పండ్రెండేండ్ల పిమ్మట, 2014లో, భస్మ మచ్చట నుండుట తగదని తలఁచి తీసికొనిపొమ్మని కుమారుని గోరిరి. ఎన్నో కొలువులనుండి తొలఁగింపఁబడినవాఁడు చనిపోయిన యర్ధశతాబ్దమునకు మఱల నొకచోటినుండి తొలఁగింపఁబడెను! తుదకు 2016లో క్లీవ్లాండునందలి లేక్ వ్యూ శ్మశానవాటికలోఁ బాటల పెట్టె యాకారమునఁ జెక్కిన ఱాతిక్రింద నా భస్మమును నిక్షేపించిరి.